మా తోడికోడలి నీలి రాయి

నాకు కుళ్ళు. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత రాసేదంతా సులువవుతుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. నేనొక్కదాన్నే చాలా ఏళ్ళు దానికి వేరే పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. పద్ధతి అన్నాను, శుభ్రం అన్నాను, చదువుకున్నవాళ్ళకు ఉండే పట్టింపు అన్నాను. మా చిన్న తోడికోడలు ఇంట్లో అడుగుపెట్టిన రెండో వారానికి ఆ పేర్లేవీ నిలవలేదు.

మార్కాపురంలో మా మామగారిది పలకల ఫ్యాక్టరీ. ఒకప్పుడు బడిపిల్లలు రాసుకునే పలకలకు చెక్క చట్రాలు బిగించి లారీలకు ఎత్తేవాళ్ళు. నేను గిద్దలూరు నుంచి పెద్ద కోడలిగా వచ్చేనాటికే ఆ పని పలచబడింది. ముందు ప్లాస్టిక్ పలక వచ్చింది, తర్వాత పలకే పోయింది. ఇప్పుడు అదే రాయిని గోడలకూ వరండాలకూ వేసే టైల్స్‌గా కోసి అమ్ముతున్నాం. ఊరి బయట మా యార్డు ఉంది. అక్కడ వేపచెట్టు కింద ఒక ఇనుప కుర్చీ ఉంది. మామ ఆ కుర్చీలో కూర్చుంటారు. క్వారీ నుంచి వచ్చిన పలక రాళ్ళను మనుషులు ఆయన ముందు నిలబెడతారు. ఆయన చిన్న సుత్తితో తట్టి, చెవి వంచి విని, ఒకటో రకం, రెండో రకం, పక్కన పెట్టు అని చెప్తారు. కణకణ మోగితే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టు. ఒక్క రాయి తప్పు చెప్తే కొన్నవాడి గోడ మీద అది పగులుతుంది, పేరు మాది పోతుంది. అందుకే ఆ కుర్చీలో ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోరు. మా ఆయన లారీలూ ఆర్డర్లూ చూస్తారు, మా మరిది కోత మిషన్లు చూస్తాడు. కుర్చీ జోలికి ఇద్దరూ పోరు.

నేను డిగ్రీలో జియాలజీ చదివాను. ఈ సంబంధం కుదిరినప్పుడు మా నాయన నవ్వుతూ, "రాళ్ళు చదివినావు, రాళ్ళింటికే పోతాండావు" అన్నాడు. నాకూ అదే ఆశ. పద్దెనిమిదేళ్ళుగా ఆ కుర్చీ మీద నా కన్ను. అడిగినప్పుడల్లా మామ, "నీకెందుకమ్మా ఈ దుమ్ము? నువ్వు చదువుకున్నదానివి, ఇంగ్లీషులో వచ్చే మెయిళ్ళు చూసుకో" అనేవారు. నేను మెయిళ్ళు చూసుకున్నాను.

ఆరేళ్ళ కిందట మా మరిదికి పుల్లలచెరువు దగ్గర ఒక పల్లె నుంచి పిల్లను తెచ్చారు. పదో తరగతితో చదువు ఆపేసింది. మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. వచ్చిన రెండో వారంలో మామకు అన్నం క్యారియర్ తీసుకుని నాతో పాటు యార్డుకు వచ్చింది. క్యారియర్ దించి, ఒకటో రకం వరసలో ఉన్న ఒక పలక రాయిని ఊరికే వేలి కణుపుతో తట్టింది. మళ్ళీ తట్టింది.

"మామా, ఇది లోపల పగిలి ఉంది."

మామ సుత్తితో తట్టారు. ఆయనకు బాగానే మోగింది. నాకూ బాగానే మోగింది. అయినా ఆయన పనివాణ్ణి పిలిచి ఉలి పెట్టించారు. రాయి అడ్డంగా రెండు ముక్కలైంది.

"ఎట్ల తెలిసిందమ్మా నీకు?"

"మా ఊర్లో నీళ్ళకు రెండు మైళ్ళు నడవాల మామా. కుండ కొనేటప్పుడు కొట్టి వినకపోతే నీళ్ళన్నీ దోవలోనే కారిపోతాయి."

ఆయన చాలాసేపు నవ్వారు. అలా నవ్వడం నేను పన్నెండేళ్ళలో చూడలేదు. ఆ రాత్రి ఆమె చేసిన పప్పు మా ఆయన రెండోసారి వేసుకుంటే, కారం ఎక్కువైందన్నాను. కారం సరిగ్గానే ఉంది.

ఆ తర్వాత క్యారియర్ ఆమె పనైపోయింది. మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రం దాకా మామ పక్కన ఒక ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. ఇంటికొచ్చాక ఇద్దరూ రాళ్ళ మాటలే. ఆ మాటలన్నీ నా పుస్తకాల్లో ఉన్నవే, పేర్లు వేరు అంతే. నేను మధ్యలో సరైన పేరు చెప్పబోతే ఇద్దరూ మర్యాదగా ఆగి, నేను ముగించాక మళ్ళీ వాళ్ళ మాట వాళ్ళు అందుకునేవాళ్ళు. ఆమె నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నా కోపానికి ఒక ఆధారం దొరికేది.

పోయినేడు దసరాకు పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు ఆమె ఒక రాయి తెచ్చింది. వాళ్ళ ఊరు దాటి వినుకొండ వైపు పోతే కొండల్లో ఎప్పుడో రాగి కోసం తవ్వి వదిలేసిన గుంతలున్నాయట. వాళ్ళ నాయన మేకలను వెతుక్కుంటూ పోయి ఒక గుంత అంచున దాన్ని చూశాడట. నిమ్మకాయ కన్నా కొంచెం పెద్దది. సగం తుప్పు రంగు రాయి, దాని మీద తెల్లటి పలుగురాయి, ఆ పలుగంతా కప్పేసి నీలం. ఎలాంటి నీలమంటే, ఇంకు బుడ్డి మూత తీసి ఎండలో పెట్టినట్టు. సన్నటి పుల్లల్లాంటి స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కదిపితే మెరిశాయి.

సాయంత్రం అందరం వరండాలో ఉన్నాం. ఆమె ఒక పాత బడిపలక తెచ్చి ఆ రాయి అంచుతో గీత గీసింది. లేత నీలం గీత పడింది. మా అత్త, "బలపం కన్నా బాగుందే" అంది. మామ రాయిని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించారు.

"సైజుకు మించిన బరువుందే ఇది." తర్వాత నా వైపు తిరిగారు. "పెద్దమ్మాయ్, నువ్వు చదివినావు గదా. ఏంది ఇది?"

పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను రాయి గురించి అడగడం అదే మొదటిసారి. ఎన్నిసార్లు ఆ ప్రశ్న కోసం ఎదురుచూశానో నాకే తెలుసు. అది తీరా ఆమె రాయి గురించి వచ్చింది. నేను దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"అజురైట్ మామా. రాగి ఖనిజం. మామూలుదే, రాగి ఉన్నచోటల్లా దొరుకుతుంది."

"మామూలుదైనా ఎంత బాగుందక్కా" అంది ఆమె.

మా అత్త ఆ రంగు విష్ణుమూర్తి రంగని చెప్పి, రాయిని దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టింది. చిన్నకోడలు అడుగుపెట్టిన వేళ మంచిదని ప్రతిసారీ చివర్లో ఒక మాట. కాఫీలు ఇచ్చేది నేను. పెద్దారవీడు నుంచి మా అత్త చెల్లెలొచ్చి, "నీ పెద్దకోడలు ఏం తెచ్చిందక్కా గిద్దలూరు నుంచి?" అని సరదాకు అడిగింది. మా అత్త కూడా సరదాకే, "పుస్తకాలు" అంది. ఇద్దరూ నవ్వారు. నాకెలా ఉందో రాయడం అనవసరం, ఆ మంట తెలియని ఆడమనిషి మా వైపు ఎవరూ ఉండరు.

కార్తీకం వచ్చేసరికి మామకు మోకాళ్ళు బాగా పట్టేశాయి. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకులిద్దరితో అన్నారు. నేను వంటింట్లో చారు కాగబెడుతున్నాను, తలుపు తీసే ఉంది.

"ఉగాది నుంచి చిన్నదాన్ని కుర్చీలో కూర్చోబెడదామనుకుంటాండా. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు."

ఎవరూ కాదనలేదు. మా ఆయన కూడా. చారు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకు మామ నన్ను పిలిచి ఇంకో మాట చెప్పారు. నాకు డిగ్రీలో పాఠాలు చెప్పిన సారు రిటైరయ్యాక కంభం దగ్గర సొంత ఊళ్ళో ఉంటున్నారని ఆయనకు తెలుసు. "ఒకసారి రమ్మను. ఆ రాయి చూపిద్దాం. నువ్వు చెప్పింది తప్పని కాదమ్మా. ఆ బరువు నాకు అర్థం కావట్లేదు."

నేను సారుకు ఫోన్ చేశాను. మనవరాలి పెళ్ళిపనుల్లో ఉన్నాననీ, మూడో ఆదివారం వస్తాననీ అన్నారు. ఫోన్ పెట్టేశాక నాకూ ఆ బరువు గుర్తొచ్చింది. నేను ముట్టుకోలేదు గానీ, మామ చెయ్యి దాని కింద దిగడం చూశాను. అజురైట్ అంత బరువుండదు. ఆ సంగతి నాకు దసరా సాయంత్రమే తెలుసు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరుకున్నాను.

అటక మీద పెట్టెలోంచి నా పాత పుస్తకం తీశాను. అజురైట్‌కు ఒకటిన్నర పేజీ ఉంది. దాని చివర్లో, అచ్చం దానిలాగే కనిపించి మోసం చేసే ఇంకో ఖనిజం గురించి రెండే లైన్లు. లినరైట్. స్పెయిన్‌లో లినారెస్ అనే ఊరి పేరు మీద వచ్చిన పేరు. సీసం, రాగి, గంధకం కలిసిన సల్ఫేటు. మెత్తన, గోటి కన్నా కాస్తే గట్టి. బరువు ఎక్కువ, సీసం ఉంది కదా. అరుదు. ఆ రెండు లైన్ల పక్కన నా చేతిరాతే పెన్సిల్‌తో ఉంది: తెల్లబడితే.

ఆ పాఠం గుర్తొచ్చింది. ల్యాబ్‌లో సారు అజురైట్ పలుకు మీద ఒక చుక్క హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి చూపించారు. సోడా కాయ కొట్టినట్టు బుస్సున బుడగలొచ్చాయి. అది కార్బొనేటు కాబట్టి పొంగుతుందన్నారు. లినరైట్ అయితే పొంగదు, చుక్క పడినచోట తెల్లబడుతుంది. సీసం తెల్లటి పొరగా తేలుతుంది. "నా దగ్గర ఇన్ని బ్యాచ్‌లు చదివాయి, ఒక్కరికీ తెల్లబడలేదు. మీలో ఎవరికైనా తెల్లబడితే నాకు ఉత్తరం రాయండి" అన్నారు. మేమంతా నవ్వాం.

ఆమె రాయి మీద బుడగలు రావాలని కోరుకున్నాను. అంత గట్టిగా నేను నా పిల్లల పరీక్షల గురించి కూడా కోరుకోలేదు. బుడగలొస్తే అది మామూలు రాయి, నా మాట నిజం, సారు వచ్చి అదే చెప్తారు. చెవి ఉన్నంత మాత్రాన సరిపోదు, చదువు కూడా ఉండాలని మామకు అర్థమవుతుంది. సారు వచ్చేదాకా ఆగలేకపోయాను.

మా ఇంట్లో యాసిడ్ వెతుక్కోనక్కర్లేదు. టైల్స్ మీద సున్నపు మరకలు పోవడానికి నీళ్ళు కలిపిన యాసిడ్ పోసి బ్రష్‌తో తోమడం మా పనిలో రోజూ ఉండేదే. పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక క్యాన్ ఎప్పుడూ ఉంటుంది. మా ఇంటికి ఏ రాయి వచ్చినా ముందు ఆ స్నానం జరగాల్సిందే. పలక రాయికి యాసిడ్ అంటే లెక్క లేదు, కడిగితే నిగనిగలాడుతుంది. అందుకని మా చేతులు కూడా యాసిడ్‌ను నీళ్ళలాగే వాడతాయి.

బుధవారం మధ్యాహ్నం. మా అత్త పడుకుంది. మా తోడికోడలు క్యారియర్ తీసుకుని యార్డుకు పోయింది. నేను దేవుడి గూట్లోంచి రాయి తీసి పెరట్లోకి తెచ్చాను. చేతిలోకి తీసుకోగానే ఆ బరువు తెలిసింది. అక్కడే ఆగి ఉండాల్సింది. సరే, ఆగలేదు. అయినా పద్ధతి నాకు తెలుసు. వెనకవైపు నుంచి గోరంత పలుకు గిల్లి, దాని మీద ఒక చుక్క వేస్తే చాలు. రాయి రాయిలాగే ఉంటుంది.

నేను రాయిని బండ మీద పెట్టి మగ్గుతో యాసిడ్ పోశాను. పోసి, బ్రష్ తీసుకుని తోమాను.

బుడగలు రాలేదు. కుళ్ళిన గుడ్డు వాసన మాత్రం గుప్పుమంది. రాయిలో నీలం వెనక బూడిద రంగులో మెరిసే సీసపు ఖనిజం ఉన్నట్టుంది, దాని వాసన అది. నేను ముక్కు తిప్పుకుని మళ్ళీ చూసేసరికి నీలం లేదు. మామూలు సున్నం కొట్టినట్టు తెల్లగా, జీవం లేకుండా అయిపోయింది. నీళ్ళు కుమ్మరించాను. తోమాను. పళ్ళు తోముకునే బ్రష్ తెచ్చి స్ఫటికాల మధ్య తోమాను. తెలుపు పోలేదు. బండ మీద కూర్చుండిపోయాను.

ఆ క్షణంలో నాకు మొదట కలిగింది భయం కాదు, పశ్చాత్తాపం అంతకన్నా కాదు. లినరైట్ కూడా ఆమెకే దొరికిందా అనుకున్నాను. ఇన్ని బ్యాచ్‌లకు తెల్లబడనిది ఆమె రాయికి తెల్లబడాలా అనుకున్నాను. ఇదీ నా బుద్ధి.

తుడిచి, గూట్లో పెట్టి, బొట్టు మళ్ళీ పెట్టి, ముందు రెండు మందారాలు అడ్డం పెట్టాను. ఆమె సాయంత్రం వచ్చి పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తూ, "ఏందక్కా, గుడ్డు కుళ్ళిన వాసన?" అంది.

"డ్రైనేజీ" అన్నాను.

ఆమె బండ వైపు చూసింది. తడి బ్రష్ దాని మీదే ఉంది. బట్టలు మడతపెట్టుకుంటూ లోపలికి పోయింది.

శుక్రవారం దీపం పెట్టేటప్పుడు మా అత్త మందారాలు తీసింది. ఆమె అరుపుకు అందరం వచ్చాం. ఆమెకు తట్టిన కారణం ఒక్కటే. చిన్నకోడలి వైపు తిరిగి, "బయట ఉండి గూడు ముట్టుకున్నావా?" అంది. మా ఇంట్లో ముట్టు రోజుల్లో దేవుడి గది వైపు పోకూడదు. ఆ వారం చిన్నకోడలికి ఆ రోజులే.

"లేదత్తా. నేను ఆ గదిలోకే పోలేదు."

"మరి రంగు ఎవరు మింగినారు?"

మామ, "రాయి రంగుకు దానికి సంబంధం ఏందే" అన్నారు గానీ, మా అత్త దేవుడి సంగతిలో మాట్లాడటం మొదలుపెడితే ఆయన మాట రెండో వాక్యం దాకా రాదు. ఆమె అక్కడితో ఆగలేదు. ఆ చేతులతో మనకు బువ్వ పెట్టే రాళ్ళు ముట్టొద్దనీ, దోషం సంగతి తేలేదాకా యార్డు గడప తొక్కొద్దనీ అంది. కుర్చీ విషయం మా అత్తకు మా మరిది ద్వారా అప్పటికే తెలిసినట్టుంది. "ఉగాదికి కుర్చీలో కూర్చోబెడతాడంట. ఉన్న బరకత్తు కూడా పోతుంది."

నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. మా తోడికోడలు నా వైపు ఒకసారి చూసింది. నేను ఒత్తులు సరిచేయడానికి వంగాను.

పది రోజులు క్యారియర్ నేను తీసుకెళ్ళాను. రెండో రోజు మామ ఏమనుకున్నారో, లేచి కాళ్ళు చాపుకోవడానికి పక్కన మంచం మీద కూర్చుని, "కాసేపు నువ్వు చూడమ్మా" అన్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఆ ఇనుప కుర్చీలో కూర్చున్నాను. ఎండకు కాలి ఉంది. సుత్తితో తట్టాను. మోగింది. ఇంకోటి తట్టాను. అదీ మోగింది. నాకు అన్నీ ఒకేలా మోగాయి. రాయిలో ఏ ఖనిజం ఎంత ఉందో, ఏ ఒత్తిడికి పొరలు ఎలా ఏర్పడ్డాయో చెప్పగలను, లోపల పగిలిందో లేదో మాత్రం వినిపించలేదు. "ఒకటో రకం" అన్నాను. మామ పనివాడికి చేత్తో సైగ చేశారు. అతను దాన్ని తీసుకెళ్ళి రెండో రకం వరసలో పెట్టాడు. అలా అయిదు రాళ్ళు. ఆరోదానికి నేనే లేచాను.

ఆ పది రోజులూ ఆమె ఇంట్లో పనులన్నీ చేసింది. దేవుడి గదికి దూరంగా తిరిగింది. నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. చెప్పేద్దామని రోజూ పొద్దున అనుకునేదాన్ని. సాయంత్రానికి ఏదో ఒక సాకు దొరికేది.

ఆదివారం సారు వచ్చారు. తల పూర్తిగా నెరిసింది, జేబులో అదే భూతద్దం. వరండాలో కుర్చీ వేశాం. మామ రాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ముందు నీలంగా ఉండేదనీ, గూట్లో ఉన్నట్టుండి తెల్లబడిందనీ చెప్పారు. సారు బరువు చూశారు. కంటికి అద్దం పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. స్ఫటికాల సందుల్లో ఎక్కడో ఒకచోట నీలం మిగిలి ఉన్నట్టుంది, అక్కడ ఆగారు.

"దీనికి యాసిడ్ ఎవరు పెట్టారు?"

మా అత్త మామ వైపు చూసింది.

"ఎవరు పెట్టినా దీని పేరు తేల్చేశారు. ఇది లినరైట్ అండీ. నా సర్వీసులో మన దగ్గర చూడలేదు నేను." ఆయన అద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నారు. సీసం, రాగి రెండూ పక్కపక్కన ఉండాలనీ, పైకి తేలి గాలి తగిలి తుప్పు పట్టాలనీ, ఆ చోట నీళ్ళు తక్కువగా ఉండాలనీ, అన్నీ కుదిరితే తప్ప ఇది పుట్టదనీ చెప్పారు. పూజలో పెట్టుకున్నా దాన్ని కడిగిన నీళ్ళు తీర్థంగా తాగొద్దనీ, సీసం మంచిది కాదనీ మా అత్తకు చెప్పారు. తర్వాత నా వైపు చూసి నవ్వారు. "నువ్వేనా అమ్మా? తెల్లబడితే ఉత్తరం రాయమన్నాను గుర్తుందా?"

"అవును సార్" అన్నాను.

మామ ముఖం వెలిగింది. "మా పెద్దకోడలే తేల్చిందా?" అని నా వైపు తిరిగారు. ఆ చూపు కోసమే కదా నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది. అది వచ్చింది. నాకు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "నీళ్ళు లేకపోవడం మా ఊరికి ఇన్నాళ్ళకు ఒకందుకు పనికొచ్చింది సార్" అంది. సారు నవ్వారు. ఆయనకు గ్లాసు అందిస్తూ మామూలుగానే అడిగింది.

"దీని పేరు తేల్చాలంటే ఎంత యాసిడ్ పోయాల సార్?"

"పోయడం ఏంటమ్మా. వెనకవైపు నుంచి గోరంత పలుకు తీసి, ఒక్క చుక్క. మా పిల్లలందరికీ అదే నేర్పాను."

ఆమె మిగిలిన గ్లాసులు అందరికీ ఇచ్చింది, నాకు కూడా.

మామ రాయి వైపు చూశారు. గోరంత పలుకు తీసిన గుర్తు ఎక్కడా లేదు, నీలం ఉన్న మేరంతా తెల్లగా ఉంది. నా వైపు చూడలేదు. మా అత్త పది రోజుల నుంచి ఎవర్ని ఏమందో లెక్కవేసుకుంటున్నట్టుంది. మా ఆయన తల దించుకున్నారు. నాకు చచ్చిపోవాలనిపించింది అని రాస్తే అబద్ధం. వాళ్ళందరూ ఒకేసారి లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

లోపల నీలం మిగిలి ఉంటుందనీ, పగలగొడితే కొత్త ముఖం చూడొచ్చనీ సారు అన్నారు. మామ మా మరిదితో సన్న ఉలి, సుత్తి తెప్పించారు. వాటిని తన చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, చిన్నకోడలికిచ్చారు. "నువ్వు కొట్టమ్మా" అన్నారు. ఉగాది మాట అక్కడే తేలిపోయింది, అందరికీ అర్థమైంది. మా అత్త కూడా అడ్డం రాలేదు.

ఆమె కొంగు నడుముకు దోపి నేల మీద కూర్చుంది. రాయిని గోటితో తట్టి విన్నది. తిప్పి మళ్ళీ తట్టింది. ఒకచోట ఉలి పెట్టి ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. సమానంగా రెండైంది. లోపల మధ్యలో వేలెడు వెడల్పున, దసరా నాటి నీలం అలాగే ఉంది. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సారు వెళ్ళాక వంటింట్లో ఆమె గ్లాసులు కడుగుతుంటే పక్కకు పోయి నిలబడ్డాను.

"నేనే చేసినా" అన్నాను. ఏడుపొచ్చింది, అది కూడా నాకు కోపంగానే వచ్చింది. "కుళ్ళుతో చేసినా."

"తెలుసక్కా. వాసన వచ్చిన రోజే తెలుసు."

"మరి అత్త అన్ని మాటలంటే ఎందుకు చెప్పలేదు?"

ఆమె గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకుంది. "నువ్వు చెప్తావని చూసినా. పది రోజులు చూసినా."

కొంగు ముడి విప్పి రాయి రెండు ముక్కలూ తీసింది. రెంటికీ ఒకవైపు తెలుపు, ఒకవైపు నీలం. ఒకటి నా అరచేతిలో పెట్టి, అత్త పిలుస్తుంటే వెళ్ళిపోయింది. తెల్లవైపు పైకి ఉండేట్టు పెట్టింది.

ఇప్పుడు ఆమె యార్డులో కుర్చీలో కూర్చుంటుంది. తన ముక్కను అక్కడ లారీ చీటీలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకుంది, నీలం వైపు పైకి. నేను మెయిళ్ళు చూసుకుంటున్నాను. కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. కుర్చీ మీద కొంత పోయింది, ఆ పది రోజులూ నోరు మూసుకోగలిగిన మనిషి మీద కొత్తగా పుట్టింది. నా ముక్క ఈ టేబుల్ మీదే ఉంది. కిందివైపు ఏ రంగో నాకు తెలుసు. ఆమె ఎలా పెట్టి ఇచ్చిందో అలాగే ఉంచాను.